అత్తయ్య చేసిన పెళ్ళి

మా అమ్మ పెళ్ళి మాట మొదట ఎత్తింది మా నానమ్మ. అంటే, అమ్మకు అత్తగారు.

ఏప్రిల్ నెల, ఎండలు అప్పటికే ముదిరాయి. ఫిలింనగర్‌లో గుళ్ళున్న గుట్ట దిగివస్తే ఎడమచేతి గల్లీలో, రెండో అంతస్తులో మా కిరాయి ఇల్లు. నేను ఎడిటింగ్ రూమ్ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నానో లేదో, గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న నానమ్మ నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నవతా, మీ అమ్మ ఫోన్ల నవ్వుతున్నది."

"నవ్వితే ఏమైంది నానమ్మా?"

"ఏం గాలే. మంచిగనే ఉన్నది. మీ నాయిన పోయినంక గట్ల నవ్వంగ నేను ఇన్లే. అవుతల ఎవరున్నరో జర కనుక్కో. మంచోడైతే పెండ్లి చేద్దాం."

అమ్మ పేరు సీతామహాలక్ష్మి. డబ్బింగ్ ఆర్టిస్ట్. తెర మీద ఎవరో నవ్వుతారు, ఆ నవ్వు జూబ్లీహిల్స్ థియేటర్లో మైకు ముందు నిలబడి అమ్మ ఇస్తుంది. ఏది పని నవ్వో, ఏది సొంత నవ్వో మా ఇంట్లో కుక్కర్‌కు కూడా తెలుసు. నాన్న క్రాంతికుమార్ షూటింగుల్లో క్రేన్ నడిపేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గుండెపోటుతో పోయాడు. అమ్మది భీమవరం వైపు. నాన్నను చేసుకుందన్న కోపంతో ఆమె అన్నదమ్ములు అప్పట్నుంచీ మా గడప తొక్కలేదు. అలా ఆ రెండు గదుల్లో మేం ముగ్గురం ఆడవాళ్ళం మిగిలాం. అమ్మతో ఒక యాస, నానమ్మతో ఒక యాస మాట్లాడుతూ నేను పెరిగాను.

ఆ సాయంత్రం అమ్మ కొత్తిమీర తరుగుతుంటే నేరుగానే అడిగేశాను. అమ్మ కత్తి ఆపి, ఫ్రిజ్ తలుపు తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చింది.

"శ్రీకృష్ణ గారు," అంది లోపల్నుంచే.

ఆయన పేరు నాకు కొత్త కాదు. ఒకప్పుడు అదే థియేటర్లో సౌండ్ ఇంజనీర్. అద్దానికి అటు ఆయన, ఇటు అమ్మ. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ ఒక్కటే, "ఇంకొకటి తీసుకుందామండీ." తర్వాత ఆయన కెనడా వెళ్ళిపోయాడు. రెజీనా అనే ఊళ్ళో ఒక కాలేజీ ఆడిటోరియంలో పని. చెల్లెళ్ళను ఒడ్డెక్కించడంలో తన పెళ్ళి సంగతి వెనకబడి, అలాగే ఉండిపోయాడు. కిందటేడు ఇంట్లో అమ్మ గొంతున్న ఏదో తెలుగు సినిమా చూస్తూ, పాత నంబరు వెతికి అమ్మకు ఫోన్ చేశాడట.

"ఏమన్నారు?"

"రెండో సగంలో, ఆస్పత్రి సీన్లో మీకు జలుబు చేసినట్టుంది కదండీ అన్నారు." అమ్మ ఫ్రిజ్ తలుపు మూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "నిజంగానే చేసింది. డైరెక్టరు కూడా కనిపెట్టలేదు."

ఇదంతా నేను వెళ్ళి నానమ్మకు చెప్పాను. నానమ్మ చింతపండు పక్కకు నెట్టింది.

"గంత దూరం నుంచి జలుబు పట్టిండా? అయితే పిలువు. జూస్త."

*

కాలేజీకి సెలవులివ్వగానే మే మొదట్లో వచ్చాడాయన. సన్నగా, పొడుగ్గా, నెత్తి మీద వెంట్రుకలు వెళ్ళిపోయినా మీసం మాత్రం వదలని మనిషి. చేతిలో పళ్ళ సంచితో మెట్లెక్కి వచ్చి, నానమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి, చెప్పేదాకా కూర్చోలేదు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం వస్తోంది, అదీ ఒకే గిన్నె.

"అక్కడ నువ్వు ఆ దేశపోనివా, మన దేశపోనివా?" నానమ్మ మొదలుపెట్టింది.

"మన దేశస్థుణ్ణేనండీ. అక్కడ పీఆర్. అంటే ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఓటు మాత్రం ఉండదు. సిటిజన్‌షిప్ తీసుకోమన్నారు గానీ, మన పాస్‌పోర్టు వదులుకోబుద్ధి కాలేదు."

"మరి మా సీతను ఎట్ల తీస్కపోతవ్?"

"పెళ్ళయ్యాక నేను స్పాన్సర్ చేస్తానండీ."

"స్పాన్సర్ అంటే ఏంది? మా గల్లీల గణపతి మండపానికి చేసినట్లా?"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. ముందుకు వంగి నెమ్మదిగా చెప్పాడు. "కాదండీ. ఈవిడ నా భార్య, ఈవిడ తిండికీ బట్టకీ అవసరానికీ నాదే పూచీ అని అక్కడి సర్కారుకు రాసివ్వాలి."

"ఎన్నేండ్లు?"

"మూడేళ్ళు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. నానమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"మూడేండ్లేనా? నాలుగో ఏడు ఏమైతది నాయినా?"

పాపం, ఆయన ఎదురుగా ఉన్న మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు. "మూడేళ్ళన్నది సర్కారు లెక్కండీ. మీకు ఎన్నేళ్ళకు రాసిమ్మంటే అన్నేళ్ళకు రాసిస్తాను."

"నాకు చదువు రాదు. నోటితో చెప్పు, చాలు."

"ఉన్నన్నాళ్ళూ నాదే పూచీ అండీ."

నానమ్మ వంటింటి వైపు తిరిగి కేకేసింది. "సీతా! చాయ్ తీస్కరా. గా గిన్నె ఇంకెంతసేపు తోముతవ్?"

అమ్మ టీ తెచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ అద్దంలోంచి చూసుకున్న మనుషులు, మధ్యలో అద్దం లేకపోయేసరికి ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలీలేదు. చివరికి ఇద్దరూ నన్ను చూశారు.

అప్పుడే ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. దాచుకుని తర్వాత చెప్పే మనిషి కాదు. భార్యతోపాటు పిల్లల్ని తీసుకెళ్ళాలంటే వాళ్ళకు ఇరవై రెండేళ్ళు నిండకూడదట. నాకు అప్పటికే ఇరవై నాలుగు. నానమ్మ సంగతైతే ఆ లెక్కలోకే రాదు.

"మరి మీరే ఇక్కడ ఉండి అమ్మను చూసుకోవచ్చు కదా అంకుల్?" అన్నాను.

"వచ్చేయమంటే వచ్చేస్తానమ్మా. నాకు పట్టింపు లేదు." ఆయన అమ్మ వైపు చూశాడు. "కాకపోతే అక్కడ పన్నెండేళ్ళ ఉద్యోగం. ఇక్కడ ఇప్పుడు నా వయసు ఇంజనీర్‌ను పిలిచేవాళ్ళు లేరు. వచ్చి మీ మీద పడి తినాలి."

అమ్మ టీ కప్పులు ట్రేలో సర్దింది. "పెళ్ళి చేసుకుంటానండీ," అంది కింద చూస్తూ. "రావడం మాత్రం కుదరదు. వీళ్ళిద్దర్నీ వదిలి నేను రాను. మీరు ఏడాదికోసారి వచ్చి వెళ్ళండి."

"గదేం పెండ్లి?" అంది నానమ్మ.

*

గుట్ట మీద గుళ్ళో పెళ్ళి. అమ్మ పట్టుబట్టి ఎవర్నీ పిలవలేదు. భీమవరం మాత్రం ఫోన్ చేసింది, అక్కడ ఎవరూ ఎత్తలేదు. ఆయన తరఫున చిన్న చెల్లెలు మంజులత, ఆమె భర్త విజయవాడ నుంచి వచ్చారు. అమ్మ లేత పసుపు పట్టుచీర కట్టుకుంది. జడలో పూలు నేనే పెట్టాను.

నానమ్మ మంటపం దగ్గరికి రాలేదు. స్తంభం వెనక నిలబడింది. భర్త పోయినామె, కొడుకు పోయినామె, శుభకార్యంలో ముందుకు రాకూడదని ఆమె లెక్క. అమ్మ పీటల మీద కూర్చున్నాక మెడ తిప్పి తిప్పి చూస్తూనే ఉంది.

"అమ్మాయి తరఫున పెద్దలెవరండీ?" అన్నాడు పంతులు.

నేను లేవబోయాను. స్తంభం వెనకనుంచి నానమ్మ వచ్చేసింది. కొంగు భుజం మీదుగా లాక్కుని, మోకాళ్ళ నొప్పికి ఒక చెయ్యి నేలకు ఆనించి, అమ్మ పక్కన కూర్చుంది.

"నేనున్న. చదువు అయ్యా."

పంతులు ఒక్క క్షణం ఆమె బోసి నుదురు చూశాడు. తర్వాత, "ఇంకాస్త ఇటు జరగండమ్మా, పొగ మీ కళ్ళల్లో పడుతుంది," అని మంత్రం అందుకున్నాడు.

ఫోటోలు తీసింది నా స్నేహితురాలు గీతిక, సినిమాల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్. అలవాటు కొద్దీ వెలుతురు చూసి, గడ్డం ఎత్తించి, పూలరేకులు గాల్లోకి ఎగరేయించి తీసింది. చూసి అందరం మురిసిపోయాం. శ్రీకృష్ణ అంకుల్ మాత్రం తల గోక్కున్నాడు. "చాలా బావున్నాయమ్మా. బావుండటమే చిక్కు. ఎప్పుడైనా ఆ స్పాన్సర్ దరఖాస్తు పెడితే ఆఫీసర్లు వీటిని పెళ్ళి అనుకోరు, పోస్టర్ అనుకుంటారు." దాంతో నా ఫోన్లో తీసిన నాసిరకం ఫోటోలన్నీ ఏరి దాచాం. ఒకదాంట్లో ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒకదాంట్లో అమ్మ పులిహోర నముల్తోంది. ఇంకోదాంట్లో నానమ్మ పంతుల్ని ఏదో తిడుతోంది.

పెళ్ళైన మర్నాడు నానమ్మ హుకుం జారీ చేసింది. ఆయన స్నేహితుడి ఫ్లాటు మధురానగర్‌లో ఖాళీగా ఉంది. అమ్మ, ఆయన అక్కడికి వెళ్ళాలి. ఆయన సెలవు అయిపోయేదాకా అక్కడే.

"ఇక్కడే ఉంటాం అత్తయ్యా," అంది అమ్మ.

"రెండు అర్రలల్ల కొత్త మొగుడూ పెండ్లాం, మధ్యల ముసల్ది! సిగ్గు లేదా నాకు? పో. పిలిస్తే తప్ప రావద్దు. నేను, పోరి మంచిగుంటం. ఫికర్ చెయ్యకు."

వెళ్ళేముందు అమ్మ నానమ్మ సుగరు మందుల డబ్బా నా చేతికిచ్చి ఏ బిళ్ళ ఎప్పుడో మళ్ళీ మళ్ళీ చెప్పింది. మెట్లు దిగాక మళ్ళీ పైకొచ్చి, నానమ్మకు రాగిజావ ఎలా కాయాలో చెప్పి వెళ్ళింది.

*

ఆ రోజుల్లో అమ్మ మారడం నేను ఫోన్లో విన్నాను. మధురానగర్ రైతుబజారులో తోటకూర బావుంటుందట. ఆయనకు కందిపొడి అంటే ప్రాణమట. పొద్దున్నే ఇద్దరూ నడకకు వెళ్తున్నారట. రోజూ చివర్లో మాత్రం ఒకటే ప్రశ్న. "అత్తయ్య తిన్నారా? నువ్వు తిన్నావా?"

మే చివరి ఆదివారం. నానమ్మ ఆవకాయకు మామిడికాయలు తెప్పించింది. నేను ముక్కలు కొట్టించి తెచ్చిచ్చాను. కాసేపటికి పైకెళ్ళి చూస్తే, పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా మేడ మీద ఎండలో గుడ్డతో ముక్కలు తుడుస్తూ కూర్చుంది. పిలిస్తే పలకలేదు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే అలాగే నా మీదికి ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమట, కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

అమ్మ థియేటర్లో ఉంది, ఫోన్ ఆపేసి ఉంది. శ్రీకృష్ణ అంకుల్‌కు చేశాను. "చక్కెర నోట్లో వెయ్యి, కొంచెం కొంచెంగా. వచ్చేస్తున్నా," అన్నాడు. అన్నట్టే వచ్చాడు. కింది వాటా వాళ్ళ సాయంతో నానమ్మను దించి బంజారాహిల్స్‌లో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సుగరు బాగా పడిపోయిందన్నారు. ఎండ దెబ్బ కూడా తోడైందన్నారు. గ్లూకోజ్ ఎక్కించారు. సాయంత్రానికి నానమ్మ కళ్ళు తెరిచి, పక్క మంచం ఆవిడ తింటున్న ఇడ్లీ చూసి, "గట్టిగున్నట్టున్నయ్," అంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఇంటికి వెళ్ళొచ్చన్నారు. కారెక్కాక నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సీతకు చెప్తే నా మీద ఒట్టే. చెప్పినమంటే మళ్ళ వచ్చి కూసుంటది. ఇగ జన్మల కదలదు."

నేను సరేనన్నాను. ముందు సీట్లో శ్రీకృష్ణ అంకుల్ అద్దంలోంచి చూశాడు.

"అమ్మగారూ, నేను మాత్రం ఒట్టు వెయ్యను. ఆవిడ ఇంటికొచ్చాక చెప్తాను. పెళ్ళై నెల కాలేదు, అప్పుడే అబద్ధం ఆడలేను. ఆవిణ్ణి పొద్దున దాకా ఆపగలనేమో చూస్తాను, అంతే."

"నీ పెండ్లాం రానంటది, నీకే నష్టం!"

"తెలుసండీ."

నానమ్మ కిటికీ వైపు తిరిగి, "గిసుంటి సత్తెకాలపోనికి దొరికింది నా కోడలు," అని గొణిగింది. తిట్టినట్టు లేదు.

*

మర్నాడు పొద్దున్నే అమ్మ వచ్చింది. వెనకే ఆయన. ఇద్దరి కళ్ళూ చూస్తే నిద్రపోలేదని తెలుస్తోంది. నేను పొయ్యి దగ్గర జావ కాస్తున్నాను. నానమ్మ మంచం మీద గోడకు చేరగిలబడి కూర్చుంది. అమ్మ వెళ్ళి నానమ్మ చెయ్యి తీసుకుని, మణికట్టు మీద అంటించిన దూది పట్టీ చూసింది. దాన్ని మెల్లగా ఊడదీసి చెత్తబుట్టలో పడేసింది.

వంటింట్లోకి వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు నవతా?"

"చెప్తే వచ్చేస్తావని."

"రానా మరి?"

"వస్తావు. వచ్చాక వెళ్ళవు."

అమ్మ చుట్టూ చూసింది. మందుల డబ్బా దాని చోట్లోనే ఉంది. నిన్నటి మామిడి ముక్కలు ఆవపిండి, ఉప్పు, కారం కలిపి జాడీలో పెట్టాను, మూతికి గుడ్డ కట్టాను. నానమ్మ మంచం పక్కన చక్కెర బిళ్ళల సీసా. అమ్మకు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గరిటెతో ఇంత జావ చేతిలో వేసుకుని రుచి చూసింది.

"ఉప్పు ఎక్కువైంది," అంది.

"నాకైతే మంచిగనే ఉన్నది," అంది లోపల్నుంచి నానమ్మ.

అమ్మ గడప మీద కూలబడింది. కొంగు ఒళ్ళో ఉండలా చుట్టింది, విప్పింది. నేను దగ్గరికెళ్ళబోయి ఆగిపోయాను.

"నేను లేకపోతే మీకు గడవదనుకున్నాను," అంది. మళ్ళీ తనే, "గడుస్తుందన్నమాట," అంది. సంతోషమో బాధో నాకు తెలీలేదు. ఇన్నేళ్ళుగా విన్న గొంతే, అయినా పోల్చుకోలేకపోయాను.

"గడుస్తది సీతా," అంది నానమ్మ. "నువ్వుంటే ఇంకా మంచిగ గడుస్తది. నువ్వు లేకున్నా గడుస్తది. ఇటురా, నా దగ్గర కూసో."

అమ్మ వెళ్ళి మంచం మీద కూర్చుంది. నానమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, చెదిరిన పాపిట సర్దింది. ఇద్దరూ అలాగే ఉన్నారు. శ్రీకృష్ణ అంకుల్ బయట మెట్ల మీదికి వెళ్ళిపోయి నిలబడ్డాడు. నేను జావలో ఇన్ని నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

గిన్నెలు కడిగాక అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది.

"ఏమండీ, ఆ దరఖాస్తు ఏదో ఇవాళే మొదలుపెడదామా?"

"ఇవాళే ఏం తొందర? నువ్వు నిదానంగా ఆలోచించుకో."

"నిదానంగా ఆలోచిస్తే రానండీ. అందుకే ఇవాళ."

*

పీఆర్ మీద ఉన్నవాళ్ళు ఆ దేశంలో ఉంటేనే భార్యకు స్పాన్సర్ చెయ్యగలరు. అందుకని జూన్‌లో, తొలకరి పడ్డ రోజు, ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ తిరిగి ఇంటికొచ్చింది. ఆ ఏడాదంతా పొద్దున్నే ఆయన నిద్రపోబోయేముందు ఫోన్, సాయంత్రం ఆయన నిద్ర లేచాక ఫోన్. అమ్మ పనికి పోతూనే ఉంది. రెజీనా ఇంట్లో ఒక అల్మారా ఖాళీ చేసి, చప్పుడు రాకుండా లోపల దుప్పట్లు కొట్టి, మైకు బిగించానని, అక్కడినుంచి కూడా డబ్బింగ్ చెప్పొచ్చని ఆయన ఫోటో పంపాడు. అమ్మ ఆ అల్మారా ఫోటోను పెళ్ళి ఫోటోలకంటే ఎక్కువసార్లు చూసుకుంది. నానమ్మ మటుకు పక్కింటివాళ్ళకు, "మా సీత కెనడాల అల్మారల నిలబడి ఏడుస్తదట," అని చెప్పుకుంది.

మరుసటి వేసవిలో వీసా వచ్చింది. ఆయనే వచ్చి వెంటబెట్టుకు వెళ్ళాడు. నానమ్మ ఎయిర్‌పోర్టుకు రానంది. మా గల్లీ చివర టాక్సీ మలుపు తిరిగేదాకా గోడ పట్టుకుని నిలబడి, లోపలికొచ్చి, అమ్మ పడుకునే వైపు తన పక్క వేయించుకుంది. ఫ్యాన్ గాలి అక్కడ బాగా వస్తుందని చెప్పింది.

అమ్మ చేరాక చేసిన మొదటి ఫోన్ నేను స్పీకర్లో పెట్టాను. విమానం సంగతి, చలి సంగతి చెప్పింది. తర్వాత ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ సంగతి చెప్పింది. కాగితాలన్నీ చూసి, ఇండియాలో మీవాళ్ళెవరున్నారు అని అడిగాడట.

"ఒక కూతురు, ఒక అత్తగారు అన్నాను. ఆఫీసర్ ఈయన వైపు తిరిగి, మీ అమ్మగారు ఇండియాలోనే ఉంటారా అన్నాడు. ఈయనేమో, మా అమ్మ పోయి చాలా ఏళ్ళైందన్నారు. ఆఫీసర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు."

"అప్పుడేమన్నావు?" అన్నాను.

"ఈయన వాళ్ళమ్మ లేరు సార్, మా అత్తగారు ఉన్నారు అన్నాను. అమ్మ లేకపోతే అత్తగారు ఎలా ఉంటారు అన్నాడు. ఉన్నారు సార్, హైదరాబాద్‌లో, బాగున్నారు అన్నాను. ఇంకేం అనలేక వెల్‌కమ్ అన్నాడు."

నానమ్మ ఫోన్ దగ్గరికి జరిగింది. "ఇంగ్లీషుల చెప్పినవా?"

"ఇంగ్లీషులోనే అత్తయ్యా."

నానమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అమ్మ అవతలినుంచి, "అత్తయ్యా? లైన్లో ఉన్నారా?" అంటోంది.

"ఉన్న," అంది నానమ్మ. "నువ్వు అన్నం తిన్నవా లేదా, గది చెప్పు ముందు."